పెళ్ళయిందా అని కాదు, వయసెంత అని అడగండి

పోయిన అక్టోబర్లో ఒక శనివారం పొద్దున, ఇక్కడ అమెరికాలో మా ఇంట్లో. మా ఆయన వారం రోజుల పోస్టంతా డైనింగ్ టేబుల్ మీద గుమ్మరించుకుని కవర్లు చింపుతున్నారు. అందులో ఇన్సూరెన్స్ వాళ్ళ కాగితం ఒకటి, పైన పెద్దక్షరాలతో "ఇది బిల్లు కాదు" అని రాసి ఉంటుందే, అది. మా అమ్మాయి పేరు మీద వచ్చింది. ఫలానా రోజు, ఫలానా ల్యాబ్, ఇంత ఛార్జ్, మేము కట్టింది ఇంత, మీరు కట్టాల్సింది సున్నా. సున్నా అని ఉంటే మామూలు మనిషైతే పక్కన పడేస్తాడు, కానీ మా ఆయన ఆడిటింగ్ చేసే మనిషి, ఎందుకు సున్నా అయిందో కూడా తెలియాలి. పక్కన ఐదంకెల కోడ్ ఉంది, 87491. ఫోన్లో కొట్టి చూశారు. క్లమీడియా టెస్ట్ అని వచ్చింది, లైంగికంగా సోకే ఒక ఇన్‌ఫెక్షన్ అది.

ఏమీ అనలేదు. ఫోన్ నా వైపు తిప్పి పెట్టి, కళ్ళజోడు తీసేసి, క్రెడిట్ కార్డు ఆఫర్ల కవర్లు ఒక్కొక్కటీ తీసుకుని నాలుగేసి ముక్కలుగా చింపడం మొదలుపెట్టారు. రోజూ అయితే వాటిని విప్పకుండానే చెత్తబుట్టలో వేస్తారు.

నేను వెంటనే అన్న మాట ఇది: "పిసిఓఎస్‌కి మాత్రలు వాడుతుంది కదండీ, అందుకని చేసుంటారు."

పిసిఓఎస్ అంటే హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే సమస్య, మా పిల్లకుంది. ఆ మాటతో ఆయన చింపడం ఆపేశారు. "అంతేనంటావా?" అన్నారు. అంతే అన్నాను. లేచి ఉప్మాకి ఉల్లిపాయలు తరగడానికి వెళ్ళిపోయారు. ఇంట్లో గాలి మళ్ళీ మామూలైంది.

నాకు మాత్రం కాలేదు. ఎందుకంటే నేను చెప్పింది నిజమో కాదో నాకే తెలీదు, పైగా అది నిజమవ్వాలని ఎంత గట్టిగా కోరుకున్నానో నాకు తెలిసింది. ఇరవై ఏళ్ళ పిల్ల డాక్టర్ దగ్గరికి వెళ్ళి తన ఆరోగ్యం చూపించుకుంటే దానికి నేను ఇంట్లో కూర్చుని సాకు వెతుకుతున్నాను, అదీ ఎవరికి, కన్నతండ్రికి. అప్పట్నుంచి దీని గురించి దొరికింది దొరికినట్టు చదువుతున్నా. నేను డాక్టర్ని కాదు, టెస్టింగ్ టీమ్‌లో ఉద్యోగం చేస్తా, అది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లెండి. నాకు తోచింది నేను రాస్తున్నా.

సాకు నిజమే అయ్యుండొచ్చు

తమాషా ఏంటంటే నేను నోటికొచ్చి అన్న మాట పూర్తిగా అబద్ధం కాకపోవచ్చు. అమెరికాలో ప్రివెంటివ్ టాస్క్ ఫోర్స్ అని ఒకటుంది, ఎవరికి ఏ స్క్రీనింగ్ చెయ్యాలో చెప్తుంది. 2021లో వాళ్ళు మళ్ళీ చెప్పిన మాట: లైంగిక జీవితం మొదలైన ఆడపిల్లలు 24 ఏళ్ళ వరకూ అందరూ క్లమీడియా, దానిలాంటిదే అయిన గనేరియా టెస్ట్ చేయించుకోవాలి, ఏ లక్షణమూ లేకపోయినా సరే. 25 దాటిన వాళ్ళలో అయితే రిస్క్ ఎక్కువున్న వాళ్ళకి. టాస్క్ ఫోర్స్ ఇలా సిఫార్సు చేసింది కాబట్టే ఇన్సూరెన్స్ వాళ్ళు మన దగ్గర పైసా తీసుకోకూడదు. మా ఆయన సున్నాకి కారణం అదీ.

మరి లైంగిక జీవితం మొదలైందో లేదో ఎలా తెలుస్తుంది? డాక్టర్ అడిగితే తెలుస్తుంది. కానీ ఇన్సూరెన్స్ ప్లాన్లకి మార్కులు వేసే హీడిస్ అనే లెక్క ఉంది, ఎంతమంది అర్హులైన అమ్మాయిలకి టెస్ట్ చేయించారు అన్నది అందులో ఒక మార్కు, ఆ లెక్కలో అమ్మాయిని ఎవరూ అడగరు. గర్భనిరోధక మాత్రలు కొన్నట్టు ఫార్మసీ రికార్డుంటే, ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసినట్టు క్లెయిమ్ ఉంటే, మొదలైనట్టే లెక్క. మొటిమలకి ఐసోట్రెటినాయిన్ రాసే ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ తప్పనిసరి కాబట్టి ఉత్త ఆ టెస్ట్ వల్లే లెక్కలోకొచ్చిన పిల్లల్ని తీసేస్తారు, అంతవరకు ఆలోచించారు. నెలసరి సరిగ్గా రావడానికి అవే గర్భనిరోధక మాత్రలు వేసుకునే పిసిఓఎస్ పిల్లల్ని మాత్రం తియ్యరు. మన తెలుగిళ్ళలో ఎంతమంది పదహారేళ్ళ పిల్లలు పిసిఓఎస్‌కి ఆ మాత్రలే వేసుకుంటున్నారో మీకూ తెలుసు. కంప్యూటర్ దృష్టిలో వాళ్ళందరూ ఒక్కటే, క్లినిక్‌కి వెళ్ళగానే స్క్రీన్ మీద "ఈ అమ్మాయికి క్లమీడియా టెస్ట్ బాకీ" అని వచ్చే అవకాశం బాగా ఉంది.

ఇది చదివినప్పుడు నాకు ముందు బోలెడంత హాయి కలిగింది, తర్వాత సిగ్గేసింది. సాకు దొరికిందని హాయి. మా అమ్మాయి మీద అనుమానం పోవడానికి ఇన్సూరెన్స్ వాళ్ళ ఫార్మసీ రికార్డు కావాల్సొచ్చిందే అని సిగ్గు.

దీపావళి పాట్‌లక్‌లో ఒక స్నేహితురాలితో, నా కంటే చిన్నది, ఇదంతా చెప్పాను, మా పిల్ల సంగతి కాకుండా ఊరికే వార్తలాగా. "ఇవన్నీ ఈ అమెరికన్ల పిల్లలకి లే అక్కా, మన పిల్లలకెందుకు, చదువులకే టైమ్ లేదు వాళ్ళకి" అంది. ఆవిణ్ణి వెక్కిరించడానికి రాయట్లేదు, ఐదేళ్ళ క్రితం అయితే నేనూ అదే అనేదాన్ని, బహుశా ఇంకొంచెం గట్టిగా. కానీ ఈ మాటలో ఒక చిక్కుంది. మన పిల్ల వెళ్ళి టెస్ట్ చేయించుకుంటే "మన పిల్ల" లిస్టులోంచి పేరు పోతుంది. అందుకని వెళ్ళదు. లక్షణాలుంటే ఏడ్చుకుంటూనైనా వెళ్తుందేమో, లక్షణాలే లేని దానికి ఎందుకెళ్తుంది?

అసలు సమస్యంతా ఆ లక్షణాలు లేకపోవడంలోనే ఉంది. క్లమీడియా వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి ఏమీ తెలీదు. నొప్పి ఉండదు, మంట ఉండదు. కొందరిలో అది మెల్లగా పైకి పాకి గర్భాశయానికి, ట్యూబులకి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది, ట్యూబుల్లో మచ్చలు పడతాయి, తర్వాతెప్పుడో పిల్లలు కావాలనుకున్నప్పుడు ట్యూబులు బ్లాక్ అయ్యాయని తెలుస్తుంది, లేదా గర్భం ట్యూబులోనే నిలిచి ప్రాణం మీదకొస్తుంది. మందు చూస్తే డాక్సీసైక్లిన్, రోజుకి రెండు, ఏడు రోజులు. గర్భిణీలకైతే అజిత్రోమైసిన్ ఒకే డోసు. టెస్ట్ చూస్తే అమ్మాయి బాత్రూమ్‌లోకి వెళ్ళి తనే ఒక దూదిపుల్లతో శాంపిల్ తీసుకుని రావడం, అంతే, డాక్టర్ తీసినదానికి అదేం తీసిపోదని తేలింది కూడా. ఇంత సుళువైన దానికి ఇంత గొడవ ఎందుకయ్యా అంటే, మధ్యలో ఒక ప్రశ్న అడ్డం కూర్చుంది.

"మ్యారీడ్ ఆ?"

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకమ్మాయి, 24 ఏళ్ళు, మాకు బాగా కావాల్సిన వాళ్ళ పిల్ల. పొత్తికడుపులో నొప్పి వారం నుంచీ వస్తుంటే హాస్టల్ దగ్గర్లో ఉన్న లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్ళింది. డాక్టరమ్మ చీటీ మీద పేరు రాసి, వయసు రాసి, తల ఎత్తకుండా "మ్యారీడ్ ఆ?" అని అడిగింది. కాదు మేడమ్ అంది. అంతే, ఇంకో ప్రశ్న లేదు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ అయ్యుంటుందని ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాసింది, నీళ్ళు బాగా తాగమంది. ఈ అమ్మాయి చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చింది, గదిలో పక్కనే నర్సు, తలుపు సగం తెరిచి ఉంది, బయట కుర్చీల్లో జనం. చెప్పలేదు. నెల తర్వాత వేరే ఊళ్ళో వేరే డాక్టర్ దగ్గర చెప్పింది, అప్పుడు సరైన వైద్యం జరిగింది. ఇది లక్షణాలున్న కేసు, నొప్పితో వెళ్ళిన కేసు, దానికే ఇలాగైతే ఏ నొప్పీ లేనిదాని మాట ఇంక చెప్పాలా.

ఆ డాక్టరమ్మని తిట్టబుద్ధి కాదు నాకు. మన దగ్గర "మ్యారీడ్ ఆ" అన్నది మర్యాదగా అడిగే పద్ధతి, నేరుగా అడిగితే పేషెంటుతో వచ్చిన తల్లి లేచి గొడవ పెట్టుకుంటుంది. కానీ ఆ ప్రశ్నకి రెండు వైపులా తప్పు జవాబే వస్తుంది. కాలేదంటే, అయితే నీకు ఆ రోగాలు రావు. అయిందంటే, అయితే నీకెందుకొస్తాయి, సంసారపక్షం మనిషివి. మన ఊళ్ళల్లో 19, 20 ఏళ్ళకి పెళ్ళి చేసి పంపించిన పిల్ల వయసు కూడా అమెరికా వాళ్ళు టెస్ట్ చెయ్యమన్న వయసే కదా, ఆ పిల్లకి భర్త ద్వారా వచ్చే అవకాశం గురించి ఎవరడుగుతారు?

మన దగ్గర ఈ రోగాల పేర్లు చూడండి. సుఖవ్యాధులు, రహస్య వ్యాధులు. రైల్వే గోడల మీద, బస్టాండు మరుగుదొడ్ల మీద "నరాల బలహీనత, సుఖవ్యాధులు, ఒక్కసారి సంప్రదించండి" అని చిన్నప్పట్నుంచీ చదువుతూ పెరిగాం. అవన్నీ మగవాళ్ళకి రాసిన గోడలు. సుఖం పొందాడు కాబట్టి వ్యాధి వచ్చింది అని పేరులోనే తీర్పు చెప్పేశారు. మొగుడు చేసిన దానికి ఇంట్లో కూర్చుని వ్యాధి తెచ్చుకున్న మనిషికి ఆ పేరు ఎలా సరిపోతుందో నాకైతే అర్థం కాదు.

ప్రభుత్వం వైపు నుంచి సురక్ష క్లినిక్కులున్నాయి, జిల్లా ఆస్పత్రుల్లో. అక్కడ రంగురంగుల మందుల కిట్లు ఇస్తారు. ల్యాబ్ టెస్ట్ కోసం ఆగకుండా లక్షణాన్ని బట్టి వైద్యం చేసే పద్ధతి అది, ల్యాబులు లేనిచోట మంచి ఆలోచనే. గర్భాశయ ముఖద్వారం ఇన్‌ఫెక్షన్ అనిపిస్తే బూడిదరంగు కిట్, మామూలు తెల్లబట్ట అయితే ఆకుపచ్చ కిట్. మరి ఏ లక్షణమూ లేకుండా లోపల ఉన్న క్లమీడియాకి ఏ రంగు? ఆ మనిషి అసలు ఆ క్యూలోకే రాదు.

వేలు చాపితే చాలు

మా బాబాయి కూతురు పల్నాడులో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సు. దానికి ఫోన్ చేసి అడిగాను, మీ దగ్గర ఇలాంటి టెస్టులు ఏమైనా చేస్తారా, అమ్మాయిలు ఒప్పుకుంటారా అని. "ఎందుకు చెయ్యం అక్కా, గర్భిణీలందరికీ హెచ్‌ఐవి, సిఫిలిస్ చేస్తాం, ఒక్క చుక్కతో రెండూ చూసే కిట్ ఉంది" అంది.

గొడవ పెట్టుకోరా అన్నాను.

"గొడవెందుకు? పేరు పిలుస్తాం, వేలు చాపుతారు. హెచ్‌బీ, బ్లడ్ గ్రూపు, షుగరు, అందులో ఇది కూడా. అందరికీ చేస్తాం కదా."

ఈ ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. సిఫిలిస్ కంటే పాత, పరువు తీసే సుఖవ్యాధి ఏముంది? కానీ పల్లెటూరి పీహెచ్‌సీలో, అత్తగారు పక్కన నిలబడి ఉండగా, ఇరవై ఏళ్ళ కోడలికి సిఫిలిస్ టెస్ట్ జరిగిపోతోంది, ఎవరికీ చీమ కుట్టినట్టు కూడా ఉండట్లేదు. ఆ కోడలి నడవడిక గురించి ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి. కడుపుతో ఉన్నావా, అయితే టెస్ట్, అంతే. ఇది లక్షణాలు లేని లైంగిక వ్యాధికి ఆడపిల్లల్ని స్క్రీన్ చెయ్యడం కాకపోతే మరేంటి? మనం ఎప్పట్నుంచో చేస్తున్నాం, ఆ పేరు పెట్టలేదంతే. తల్లికి తెలియని సిఫిలిస్ వల్ల కడుపులో బిడ్డ పోవచ్చు, తొలిదశలో పట్టుకుంటే ఒక్క పెన్సిలిన్ ఇంజెక్షన్‌తో పోతుంది. 2000 తర్వాత మొదటి ఏళ్ళలో ఆంధ్రప్రదేశ్ దేశంలో హెచ్‌ఐవి ఎక్కువున్న రాష్ట్రాల్లో ఒకటి, అప్పుడు "మా కోడలికెందుకు ఆ టెస్టు" అన్న ఇళ్ళు ఎన్నో. భర్త తప్ప వేరే మగాణ్ణి ఎరగని ఆడవాళ్ళు గర్భిణీ టెస్టుల్లో పాజిటివ్‌గా బయటపడ్డాక కానీ ఆ నోళ్ళు మూతపడలేదు.

ఇంత చెప్పిందీ కొంచెం ఆగి, "కానీ అక్కా, పాజిటివ్ వస్తే మాత్రం వేరే కథ" అంది. దాని దగ్గరికి తర్వాత వస్తా.

నా వాదన ఏంటో ఇక్కడ చెప్పేస్తా. టెస్ట్ ఇవ్వాలా వద్దా అన్నది అమ్మాయి కథని బట్టి నిర్ణయించకూడదు. ఫలానా వయసు, అందరికీ చెప్తున్నాం, వద్దనుకుంటే వద్దనండి. అంతే ఉండాలి. అమెరికాలో వ్యాధుల నివారణ చూసే ప్రభుత్వ సంస్థ సీడీసీ 2021లో ఇచ్చిన సూచనల్లో ఈ ఆలోచన ఉంది, అడిగి తవ్వకుండా చిన్న వయసు అమ్మాయిలందరికీ టెస్ట్ చెప్పి, వద్దన్న వాళ్ళని వదిలేసే పద్ధతిని డాక్టర్లు ఆలోచించొచ్చు అని. ఎంతమంది ఆలోచించారో గానీ, ఆ పద్ధతి ఉంటే ఆ శనివారం పొద్దున నాకు పిసిఓఎస్ సాకు అవసరం పడేది కాదు. "ఇరవై ఏళ్ళు కదండీ, అందరికీ చేస్తారు" అంటే సరిపోయేది.

కానీ పని చేస్తుందా?

ఇక్కడిదాకా బాగానే ఉంది, తర్వాత చదివినవి నన్ను కొంచెం ఇరుకున పెట్టాయి. ఆడిటర్ గారి పెళ్ళాన్ని కదా, లెక్క సరిపోవాలి.

లండన్‌లో 2500 మందికి పైగా స్టూడెంట్ అమ్మాయిల మీద ఒక ట్రయల్ చేశారు, 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందరి దగ్గరా శాంపిల్స్ తీసుకున్నారు, సగం మందివి వెంటనే టెస్ట్ చేసి వైద్యం చేశారు, మిగతా సగం మందివి ఏడాది తర్వాత చూశారు. ఏడాదిలో పొత్తికడుపు ఇన్‌ఫెక్షన్, అంటే గర్భాశయానికీ ట్యూబులకీ పాకేది, వచ్చింది వెంటనే చూసిన వాళ్ళలో 1.3 శాతానికి, చూడని వాళ్ళలో 1.9 శాతానికి. తేడా ఉంది కానీ ఖాయంగా చెప్పలేనంత చిన్నది. ఇంకా ముఖ్యమైనది, ఆ ఇన్‌ఫెక్షన్ వచ్చిన వాళ్ళలో ఎక్కువమంది మొదట్లో క్లమీడియా లేని వాళ్ళే. అంటే ఏడాదికోసారి టెస్ట్ చేసి నెగెటివ్ అని సంతోషపడితే ఆ మధ్యలో వచ్చినదాన్ని ఎవరు చూస్తారు? అదే ట్రయల్లో ఇంకో లెక్క కూడా ఉంది. మొదట్లోనే క్లమీడియా ఉండి వైద్యం లేకుండా వదిలేసిన వాళ్ళలో నూటికి తొమ్మిది పది మందికి ఇన్‌ఫెక్షన్ పైకి పాకింది, వెంటనే వైద్యం దొరికిన వాళ్ళలో ఇద్దరికి లోపే. సంఖ్యలు చిన్నవి, జాగ్రత్తగా చదవాలి, కానీ ఆ పది మందిలో మన పిల్ల ఉంటే?

నెదర్లాండ్స్‌లో 2008 నుంచి 2011 దాకా మూడు ప్రాంతాల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంపారు, రండి టెస్ట్ చేయించుకోండి అని. మొదటి విడతలో నూటికి పదహారు మంది వచ్చారు, తర్వాత విడతల్లో ఇంకా తగ్గారు, వ్యాధి శాతం పెద్దగా కదల్లేదు, ఆపేశారు. ఆస్ట్రేలియాలో ఊళ్ళ క్లినిక్కులతో పెద్ద ట్రయల్ చేశారు, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, అక్కడా సమాజంలో వ్యాధి తగ్గినట్టు రుజువు చెయ్యలేకపోయారు. ఇంగ్లండ్ 2003లో మొదలుపెట్టి కుర్రాళ్ళకీ అమ్మాయిలకీ 25 లోపు అందరికీ టెస్టులు ఇచ్చింది, 2021 జూన్‌లో పద్ధతి మార్చింది. వ్యాధిని సమాజంలోంచి తగ్గించడం అన్న లక్ష్యాన్ని పక్కన పెట్టి, ఆడపిల్లలకి జరిగే నష్టాన్ని తగ్గిస్తాం అంది. దానితో జనరల్ క్లినిక్కుల్లో, ఫార్మసీల్లో ముందుగా పిలిచి టెస్ట్ ఇవ్వడం అమ్మాయిలకే మిగిలింది.

సెక్సువల్ హెల్త్ క్లినిక్కులు మాత్రం అక్కడ అందరికీ తెరిచే ఉంటాయి, వీసా మీద వచ్చిన వాళ్ళకి కూడా ఈ రోగాల టెస్టుకీ వైద్యానికీ డబ్బు తీసుకోరు. మా అమ్మాయి ఫ్రెండ్ ఒకతి లెస్టర్‌లో ఎమ్మెస్ చదువుతోంది. పోస్టులో టెస్ట్ కిట్ తెప్పించుకుంది, పైన ఏమీ రాయని మామూలు కవర్లో వస్తుంది. అయినా సరే పోస్ట్‌మ్యాన్ కోసం పొద్దున్నే తలుపు దగ్గర కాపలా కాసిందట. ఇంగ్లీషు వాళ్ళకి భయపడి అనుకునేరు, ఇంట్లో ఉన్న మిగతా ఐదుగురు తెలుగమ్మాయిలకి భయపడి. అందులో ఇంకెంతమంది అలాగే కాపలా కాశారో!

సరే, పని చేస్తుందా అన్నదానికి నాకు అర్థమైన జవాబు ఇది. ఊరంతటి వ్యాధినీ తగ్గించే ఆయుధంగా ఇది పెద్దగా నిలబడలేదు. ఒక్కో అమ్మాయికి మాత్రం, తన ఒంట్లో ఉన్నది తెలిసి వారం రోజుల మందుతో పోవడం అన్నది నిజమైన లాభం. రెండూ కలిపి మాట్లాడినప్పుడే గందరగోళం వస్తుంది.

అలాగని ఇండియాలో ఊరూరా చెయ్యమంటానా

చెయ్యమనను. ఇది చదివి ఎవరో ఒకరు "అయితే ఇంటర్ కాలేజీల్లో క్యాంపులు పెట్టమంటారా" అని కామెంట్ పెడతారని తెలుసు.

గోవాలో దాదాపు 2500 మంది మామూలు ఆడవాళ్ళని పరీక్షించిన సర్వే ఒకటుంది, 2006లో వచ్చింది. జననాంగ ఇన్‌ఫెక్షన్లు 28 శాతం మందిలో ఉన్నాయి, కానీ చాలావరకు లైంగికంగా వచ్చేవి కావు, ఒంట్లో సూక్ష్మజీవుల సమతుల్యం తప్పి వచ్చేవి, ఫంగస్‌లు. లైంగిక వ్యాధులన్నీ కలిపితే నాలుగు శాతం. తెల్లబట్ట అని బాధపడే వాళ్ళలో చాలామందికి ఇన్‌ఫెక్షన్ కంటే మనసులో బరువుతో సంబంధం ఎక్కువ కనిపించిందని అదే పరిశోధకులు రాశారు. మన అమ్మమ్మలు తెల్లబట్ట అంటే "బలహీనత, మనసు బాలేదు" అనేవాళ్ళు, నేను నవ్వేదాన్ని.

ఇప్పుడు ఒక చిన్న లెక్క వేద్దాం. వెయ్యి మంది అమ్మాయిలు, అందులో ఐదుగురికి నిజంగా క్లమీడియా ఉందనుకోండి. టెస్ట్ 99 శాతం ఖచ్చితం అనుకోండి. రోగం లేని 995 మందిలో పది మందికి తప్పు పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న పదిహేను మందిలో పది మందికి అసలు ఏమీ లేదు. ఇప్పుడొచ్చే మంచి టెస్టులు 99 కంటే మెరుగే, సరే పది మందికి బదులు ముగ్గురికే తప్పు వచ్చిందనుకుందాం. ఆ ముగ్గురిలో ఒక పిల్లకి పెళ్ళి కుదిరి ఉందనుకోండి. అమెరికాలో 2023లో 16 లక్షల పైచిలుకు క్లమీడియా కేసులు నమోదయ్యాయి, అంత ఉన్నచోట ఈ లెక్క వేరేగా తేలుతుంది. అక్కడి ప్రోగ్రాం ఎత్తుకొచ్చి ఇక్కడ పెడితే కుదరదు. ఇంకోటి, మన దగ్గర ట్యూబులు బ్లాక్ అవ్వడానికి క్షయ కూడా పెద్ద కారణం, ఆడవాళ్ళ గర్భాశయానికి, ట్యూబులకి వచ్చే టీబీ గురించి ఎంతమందికి తెలుసు? గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే దారిలో ఫర్టిలిటీ సెంటర్ల బోర్డులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళొచ్చు, అందులో ట్యూబుల ఎక్స్‌రే తీయించుకునే ఆడవాళ్ళలో ఎంతమందిని ఎవరైనా పదేళ్ళ ముందు ఏదైనా అడిగి ఉంటారు?

అడగకపోవడం గురించి అయితే గడ్చిరోలి గుర్తు చెయ్యాలి. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర వైపు ఉన్న జిల్లా అది, సిరొంచ వైపు తెలుగు వినపడుతుంది. అక్కడ డాక్టర్ రాణీ బంగ్, వాళ్ళ భర్త అభయ్ బంగ్ రెండు పల్లెల్లో 650 మంది ఆడవాళ్ళని పరీక్షించి 1989లో లాన్సెట్‌లో రాశారు. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉంది, అన్నీ లైంగిక వ్యాధులు కావు. బాధ ఉందని చెప్పుకున్నది 55 శాతమే. అంతకు ముందు ఎప్పుడైనా ఆ పరీక్ష చేయించుకున్నది నూటికి ఎనిమిది మంది. కాబట్టి ఇండియాకి నేను కోరుకునేది చాలా చిన్నది. డాక్టర్ గదిలో తలుపు మూసి ఉండాలి, పక్కన వచ్చిన వాళ్ళని ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోమనాలి, "మ్యారీడ్ ఆ" బదులు "ఈ వయసు వాళ్ళందరికీ చెప్తాం, ఇలాంటి టెస్ట్ ఉంది, కావాలంటే చేద్దాం" అనే ఒక్క వాక్యం ఉండాలి. దీనికి కొత్త పథకం, దానికో ముఖ్యమంత్రి బొమ్మ అక్కర్లేదు.

మరి వాడి సంగతి?

నన్ను బాగా మండించే విషయం ఇది. అమ్మాయికి టెస్ట్, అబ్బాయికి లేదు. అమెరికా టాస్క్ ఫోర్స్ మగవాళ్ళ విషయంలో సరిపడా ఆధారాలు లేవంది, ఇంగ్లండ్ సంగతి పైన చెప్పాను. కారణం అర్థమవుతుంది, నష్టం ఎక్కువగా జరిగేది ఆడవాళ్ళ ట్యూబులకి, పైసా పెట్టేది అక్కడే పెట్టాలి. కానీ మగపిల్లాడికి టెస్ట్ అంటే సీసాలో మూత్రం పోసివ్వడం, అంతే, అదీ అడగరు. దాంతో ముందు తెలిసేది అమ్మాయికి, చెప్పాల్సింది అమ్మాయి, "ఎవరి దగ్గర తెచ్చుకున్నావ్" అన్న మాట పడేదీ అమ్మాయే. ముందు తెలిసిన వాళ్ళ మీద ముందు నింద పడుతుంది. వ్యాధి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ టెస్టూ చెప్పదు.

మా చెల్లి "వేరే కథ" అన్నది ఇదే. పాజిటివ్ వస్తే భర్తని కూడా తీసుకురమ్మని చెప్తారు. "సగం మంది రారు అక్కా. వచ్చినా బయట బండి మీదే కూర్చుంటారు. ఈ పిల్ల మందు వేసుకుని వెళ్తుంది, ఆయన వేసుకోడు, మళ్ళీ తెచ్చుకుంటుంది." అమెరికాలో చాలా రాష్ట్రాల్లో డాక్టర్ భాగస్వామిని చూడకుండానే అతనికి కూడా మందు రాసివ్వొచ్చు, అమ్మాయి పట్టుకెళ్ళి ఇస్తే చాలు. అది చెప్తే చెల్లి చాలాసేపు నవ్వింది. "మాత్ర చేతికిచ్చి దేనికంటే ఏం చెప్తుందక్కా, విటమిన్ అని చెప్తుందా?" తర్వాత, "చెప్పినా చెప్తుందిలే" అంది.

నేను అందరికీ టెస్ట్ అంటున్నప్పుడు అందులో మగపిల్లలు లేకపోతే నా వాదన సగమే అని నాకు తెలుసు. డబ్బు లెక్కలో అది నిలబడదని కూడా తెలుసు. ఈ రెండిటికీ నాకు పొత్తు కుదర్లేదు, కుదిరినట్టు రాయడం ఇష్టం లేదు.

థాంక్స్ గివింగ్‌కి

నవంబర్లో పిల్ల ఇంటికొచ్చింది. ఆ కాగితం సంగతి వాళ్ళ నాన్న ఎత్తలేదు, నేనూ ఎత్తకూడదనుకున్నా, కానీ రెండో రోజు రాత్రి దానికి తలకి నూనె పెడుతూ ఉండబట్టలేక అన్నాను, ఇన్సూరెన్స్ వాళ్ళు అన్నీ ఇంటికే పంపిస్తున్నారే, నీకు ఇబ్బందేమో అని. వెనక నుంచి కదా, మొహం కనపడలేదు.

"క్లమీడియా టెస్టా? క్యాంపస్ హెల్త్‌లో చేశారమ్మా. అందరికీ చేస్తారు."

అడగాలనుకున్నది నాలుక చివర దాకా వచ్చింది. వారాల తరబడి ఇదంతా చదివి, అమ్మాయి కథ అడగకూడదు అని ఇంత వాదన కట్టుకున్న దాన్ని, అడగడానికి ఎంత తహతహలాడానో చెప్తే నమ్మరు. పాయలు విడదీస్తూ ఊరుకున్నా.

"నాన్న చూశారా?" అంది కాసేపటికి.

చూశారన్నాను.

"ఏమన్నారు?"

"ఉప్మా చేశారు."

పకపకా నవ్వింది. తర్వాత చెప్పింది, తన కాగితాలు ఇంటికి కాకుండా తనకే పంపమని ఇన్సూరెన్స్ వాళ్ళకి రాసుకోవచ్చట, రూమ్‌మేట్ చెప్తే ఫారమ్ ఎప్పుడో నింపేసిందట, ఆ ఒక్కటీ అంతకు ముందే బయల్దేరి వచ్చేసినట్టుంది. సరే మంచి పని చేశావు అన్నాను.

ఇప్పుడు ఫిబ్రవరి. శనివారాలు మా ఆయన పోస్టు చూసేటప్పుడు నేను కూడా ఏదో పని కల్పించుకుని ఆ టేబుల్ దగ్గరే తిరుగుతున్నా. దాని పేరు మీద ఇంతవరకూ ఇంకేమీ రాలేదు.